డేటన్ కోర్టుగది సాక్ష్యం

అమెరికా దక్షిణాదిలోని టెన్నెసీ రాష్ట్రంలో 95 కౌంటీలున్నాయి. 1925 మార్చి 21న గవర్నర్ ఆస్టిన్ పీ సంతకం చేసిన బట్లర్ చట్టం ఆ తొంభై అయిదింటికీ ఒకేలా వర్తించింది. మనిషిని దేవుడు సృష్టించాడన్న బైబిలు కథనాన్ని కాదని, మనిషి తక్కువ తరగతి జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బడుల్లో బోధించిన ఉపాధ్యాయుడికి 100 నుంచి 500 డాలర్ల జరిమానా వేయాలని ఆ చట్టం చెప్పింది. హైస్కూళ్లలో చదివించే జీవశాస్త్ర పాఠ్యపుస్తకం రాష్ట్రమంతటికీ ఒకటే. చర్చిలకూ, బైబిలును అక్షరం పొల్లుపోకుండా నమ్మే జనానికీ ఏ కౌంటీలోనూ కొదవలేదు. అయినా కేసు నడిచింది ఒక్క చోటే. అది రే కౌంటీకి కేంద్రమైన డేటన్. చాటనూగా నగరానికి ఉత్తరంగా నలభై మైళ్లలోపు దూరంలో, అప్పటికి సుమారు 1,800 మంది జనాభాతో, మన పాత తాలూకా కేంద్రాన్ని గుర్తుకు తెచ్చే ఊరది. కోర్టు, దాని చుట్టూ చెట్లున్న పచ్చిక, ఎదురుగా అంగళ్ల వీధి, కాస్త అవతల రైలు స్టేషను. వందేళ్లు గడిచినా ప్రపంచం ఆ ఊరిని ‘కోతి విచారణ’ జరిగిన చోటుగానే గుర్తుపెట్టుకుంది. ఇన్ని ఊళ్లుండగా డేటనే ఎందుకు? ఈ ప్రశ్ననే పేరుగా పెట్టి 1925లో ఊరివాళ్లే ఓ చిన్న పుస్తకం అచ్చు వేశారు. చాలామంది ఇప్పటికీ చెప్పే జవాబు, అది మతమౌఢ్యం నిండిన ఊరు కాబట్టి అని. ఆ జవాబు తప్పని నా అభిప్రాయం. విచారణను డేటన్‌కు రప్పించింది చర్చి కాదు, చల్లారిన ఇనుప కొలిమి. దీనికి సాక్ష్యం ఆ ఊళ్లోనే, చూడవచ్చే వాళ్లందరికీ కనిపించేలా నిలిచి ఉంది.

ముందు కొలిమి సంగతి చూడాలి. 1877 వరకు ఈ ఊరి పేరు స్మిత్స్ క్రాస్‌రోడ్స్, అంటే స్మిత్ గారి కూడలి. 1807లో ఏర్పడ్డ రే కౌంటీకి అప్పట్లో కేంద్రం టెన్నెసీ నది దగ్గరున్న వాషింగ్టన్ అనే చిన్న ఊరు. పడవల కాలానికి అది సరిపోయింది. 1880లో పూర్తయిన సిన్సినాటి సదరన్ రైలుమార్గం మాత్రం వాల్డెన్ రిడ్జ్ కొండల అంచు వెంట, ఈ కూడలి మీదుగా సాగింది. కొండలో బొగ్గుంది, ఆ చుట్టుపక్కల ఇనుప రాయి ఉంది, సరుకు మోయడానికి రైలొచ్చింది. 1880లలో బ్రిటిష్ పెట్టుబడితో డేటన్ కోల్ అండ్ ఐరన్ కంపెనీ వెలిసి గనులు తవ్వింది, కోకు బట్టీలు పెట్టింది, ఇనుము కరిగించే కొలిములు నిలబెట్టింది. కూలీలు, వడ్రంగులు, వర్తకులు తరలి వచ్చారు. చివరికి కౌంటీ కేంద్రం కూడా నది ఒడ్డు వదిలి రైలుకట్ట దగ్గరికి చేరింది. 1891లో కట్టిన కోర్టు భవనం ఆ ఉత్సాహానికి గుర్తు. మూడంతస్తుల ఇటుక మేడ, మూలన గడియారపు బురుజు, మెట్లెక్కి పైకి వెళితే ఇంత చిన్న ఊరికి ఎందుకా అనిపించేంత విశాలమైన విచారణ గది. దాన్ని కట్టించినవాళ్లు అప్పటి ఊరి కొలతలతో కట్టించలేదు. పెరిగి పెద్దదవుతుందని నమ్మిన ఊరి కొలతలతో కట్టించారు.

ఊరు పెరగలేదు. 1895లో గని పేలి పదుల మంది చనిపోయారు. 1901లోనూ, 1902లోనూ అదే ఘోరం మళ్లీ జరిగింది. మూడు పేలుళ్లను తట్టుకున్న కంపెనీ అప్పులకు తట్టుకోలేక 1913లో దివాలా తీసింది. కొలిములు చల్లారాక పనికోసం వచ్చినవాళ్లు పనికోసమే వెళ్లిపోయారు. మిగిలినవాళ్లను ఆదుకున్నది చుట్టుపక్కల పొలాలు, ముఖ్యంగా స్ట్రాబెర్రీ పంట. 1925 నాటి డేటన్‌ను ఊహించుకోవాలంటే, మిల్లు మూతపడ్డాక మన దగ్గర కొన్ని ఊళ్లు ఎలా ఉంటాయో తలచుకుంటే చాలు. కట్టడాలు ఊరికన్నా పెద్దవి, అంగళ్లు కొనేవాళ్లకన్నా ఎక్కువ, సాయంత్రాల్లో నలుగురు పెద్దలు ఒకచోట చేరితే ఊరిని మళ్లీ ఎలా లేపాలన్నదే మాట.

అలా చేరే చోటు మెయిన్ స్ట్రీట్‌లో రాబిన్సన్ మందుల షాపు. అక్కడి మందుల షాపంటే సోడా, ఐస్‌క్రీమ్ దొరికే చోటు కూడా. యజమాని ఎఫ్. ఇ. రాబిన్సన్ కౌంటీ పాఠశాలల బోర్డుకు అధ్యక్షుడు. బట్లర్ చట్టాన్ని కోర్టులో పరీక్షకు పెట్టడానికి సిద్ధపడే టీచరుంటే ఖర్చు తాము భరిస్తామని న్యూయార్క్‌లోని అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ చేసిన ప్రకటన మే 4న చాటనూగా పత్రికలో వచ్చింది. దాన్ని పట్టుకుని ఆ షాపుకు వచ్చినవాడు జార్జ్ రాపల్యే. ఈయన చేసే పనేమిటో ఇక్కడ గమనించాలి. పాత గనుల్లో మిగిలిన వాటిని చూసుకునే కంపెనీకి ఈయన మేనేజరు. చచ్చిపోతున్న గనుల లెక్కలు రోజూ చూసే మనిషి నోటి నుంచే ఆ ఆలోచన వచ్చిందన్నది నా వాదనకు తొలి ఆధారం. మర్నాడు, మే 5న, టెన్నిస్ ఆడుతున్న 24 ఏళ్ల జాన్ స్కోప్స్‌కు కబురు వెళ్లింది. ఆయన ఫుట్‌బాల్ కోచ్. జీవశాస్త్రం ఆయన సబ్జెక్టు కాదు, అసలు టీచరు సెలవు పెడితే కొన్నాళ్లు ఆ తరగతి తీసుకున్నాడంతే. హంటర్ రాసిన ‘సివిక్ బయాలజీ’ వాడితే పరిణామం చెప్పక తప్పదని ఆయన అన్నాడు. ఆ పుస్తకం దొరికేది కూడా అదే షాపులో, పాఠ్యపుస్తకాల అరలో. అంటే చట్టం వద్దన్న పాఠాన్ని రాష్ట్రమే అనుమతించింది, పాఠశాలల బోర్డు అధ్యక్షుడే అమ్మాడు. ఒప్పుకుంటావా అని అడిగితే స్కోప్స్ ఒప్పుకున్నాడు. ప్రాసిక్యూషన్ తరఫున నిలబడిన స్థానిక లాయర్లు హిక్స్ సోదరులు ఆయన స్నేహితులే. స్కోప్స్ ఒక్కరోజు కూడా జైల్లో లేడు. వాళ్లు కూర్చుని మాట్లాడుకున్న బల్ల ఇప్పుడు కోర్టు నేలమాళిగలోని మ్యూజియంలో ఉంది. ఆ బల్ల చుట్టూ పట్టినవాళ్లు నలుగురైదుగురే. ఒక శతాబ్దపు వాదన అంత చిన్న బల్ల దగ్గర మొదలైందని చూస్తేగాని నమ్మబుద్ధి కాదు.

ఇక్కడో ఆక్షేపణ వస్తుంది. బొగ్గు తగ్గిపోయి చితికిన ఊళ్లు ఆ కొండల పొడవునా ఉన్నాయి కదా, అవన్నీ కేసు పెట్టలేదేం? నిజమే. పేదరికం ఒక్కటే కారణం కాదు. ఆ ప్రకటనను అవకాశంగా చూడగల మనిషి, ఆయన మాట వినే బోర్డు అధ్యక్షుడు, సరే అనే టీచరు, పెద్ద కోర్టుగది, గుమ్మం ముందు ఆగే రైలు, ఇవన్నీ ఒకే చోట కుదిరాయి. గది, రైలు బొగ్గు మంచి రోజుల్లో ఇచ్చినవి. అవసరం బొగ్గు పోయాక వచ్చింది. ఆ గదిని కట్టించింది సంపద, నింపింది లేమి. ఆ తరవాతి నడక చూస్తే అనుమానం ఇంకా తగ్గుతుంది. చాటనూగా ఇదే కేసును తన ఊరికి లాక్కోవాలని చూసినప్పుడు డేటన్ పెద్దలు అభియోగం త్వరగా ఖాయం చేసుకోవడానికి పరుగులు పెట్టారు. కోర్టుగదికి కొత్త రంగు వేయించారు, బెంచీలు చేర్పించారు, విలేకరుల కోసం తీగలు లాగించారు. జె. ఆర్. డార్విన్ అనే బట్టల వర్తకుడు తన ఇంటిపేరును వాడుకుని, డార్విన్ లోపలే ఉన్నాడని చమత్కారంగా బోర్డు కట్టాడు. పాపభయంతో వణికే ఊరు ఇలాంటి బోర్డు కట్టదు.

దీనికి మించిన ఆక్షేపణ మరొకటుంది. ఇదంతా ప్రచారం కోసమే అయితే ఆ విచారణకు విలువేముంది? ఇది న్యాయమైన ప్రశ్న. కానీ పని మొదలుపెట్టినవాళ్ల ఉద్దేశం వేరు, ఆ పని మోసిన బరువు వేరు. చట్టం నిజమైనది. జాన్ వాషింగ్టన్ బట్లర్ అనే రైతు శాసనసభ్యుడు దాన్ని ప్రతిపాదిస్తే దిగువసభలో 71 మంది అవునన్నారు, అయిదుగురే కాదన్నారు. చట్టం తప్పని రాపల్యే కూడా మనసారా నమ్మాడు. ప్రాసిక్యూషన్‌కు అండగా మూడుసార్లు డెమొక్రాటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేసిన విలియం జెనింగ్స్ బ్రయన్, స్కోప్స్ వైపు ఆనాటి అమెరికాలో పేరుమోసిన క్రిమినల్ లాయరు క్లారెన్స్ డారో వచ్చారు. వాళ్లిద్దరూ డేటన్ వ్యాపారం కోసం రాలేదు. ఊరు పిలిచింది సందడిని. సందడితోపాటు ఆ దేశం అప్పటిదాకా తేల్చుకోలేకపోయిన ప్రశ్న కూడా వచ్చి కూర్చుంది. బడిలో ఏం చెప్పాలో ఎవరు నిర్ణయించాలి? పన్ను కట్టే జనమా, ఆ విషయం చదివినవాళ్లా?

జూలై 10 నుంచి 21 వరకు సాగిన విచారణను చూడటానికి వందమందికి పైగా విలేకరులు దిగారు. 22 మంది టెలిగ్రాఫు ఆపరేటర్లు రోజంతా వార్తలు పంపారు. షికాగోలోని డబ్ల్యుజిఎన్ రేడియో కోర్టులో మైకు పెట్టి నేరుగా ప్రసారం చేసింది. అమెరికాలో ఒక కోర్టు విచారణను అలా వినిపించడం అదే మొదలు. వచ్చినవాళ్లలో చాలామంది తాము రాయబోయేది ముందే మనసులో రాసుకుని వచ్చారు. బాల్టిమోర్ పత్రిక తరఫున వచ్చిన హెచ్. ఎల్. మెంకెన్ తొలి వార్తలో మురికి పల్లెను చూస్తాననుకుంటే ముచ్చటైన ఊరు కనిపించిందని ఒప్పుకున్నాడు. ఆ తరవాతి రోజుల్లో అదే ఊరి జనాన్ని మొద్దులని, మూర్ఖులని తిట్టిపోశాడు. పాఠకులకు గుర్తుండిపోయింది రెండో మాటే. జూలై 16న స్కోప్స్ తరఫు లాయరు డడ్లీ ఫీల్డ్ మలోన్ బోధనా స్వేచ్ఛ గురించి మాట్లాడినప్పుడు ఆ గదిలో మోగిన చప్పట్లు బ్రయన్‌కు పడ్డవాటికన్నా ఎక్కువ. కొట్టినవాళ్లలో ఎక్కువమంది బ్రయన్ చెప్పిందే నమ్మే స్థానికులు. తాము ఒప్పుకోని మాటనైనా బాగా చెబితే విని మెచ్చుకునే జనాన్ని మూర్ఖులనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

1955లో జెరోమ్ లారెన్స్, రాబర్ట్ లీ రాసిన ‘ఇన్హెరిట్ ద విండ్’ నాటకం, 1960లో దాని ఆధారంగా స్టాన్లీ క్రేమర్ తీసిన సినిమా ఆ అపవాదును స్థిరం చేశాయి. నాటకంలో టీచరు జైల్లో మగ్గుతాడు, ఊరు అతడి మీద కక్ష కడుతుంది. మెకార్తీ కాలంలో కమ్యూనిస్టులన్న అనుమానంతో సాగిన వేటను నిరసించడానికి తాము డేటన్ కథను వాడుకున్నామని, ఇది చరిత్ర కాదని రచయితలే చెప్పుకున్నారు. ఊరి పేరు, మనుషుల పేర్లు కూడా మార్చారు. అయినా సినిమా చూసినవాళ్లు చరిత్ర తెలిసిపోయిందనుకున్నారు. డేటన్ ఏం చేసిందో చూడండి. 1960 జూలైలో అమెరికాలో ఆ సినిమా తొలి ప్రదర్శనకు తన ఊరి డ్రైవ్-ఇన్ థియేటరులో చోటిచ్చింది, స్కోప్స్‌ను పిలిచి ఊరి తాళంచెవి బహూకరించింది. ఇది కూడా వ్యాపారమేనని అనవచ్చు. వ్యాపారమే కావచ్చు. కానీ పగ ఉన్న ఊరు వ్యాపారానికైనా అంత దూరం రాదు.

కోర్టుగదిని దగ్గరగా చూస్తే పుస్తకాలు చెప్పనిది తెలుస్తుంది. జడ్జి బల్ల, లాయర్ల బల్లలు, కుర్చీలు ఆనాటివే. పొడవాటి కిటికీలున్నా ఆ జూలై ఉక్కకు అవి చాలలేదు, విసనకర్రలు ఆగలేదు. జూలై 20న, సోమవారం, వేడి ఒకవైపు, జనం బరువుకు అంతస్తు కుంగుతుందేమోనన్న భయం మరోవైపు, జడ్జి రాల్‌స్టన్ విచారణను కింద పచ్చికలోకి మార్చాడు. బైబిలు చదవమని చెప్పే పెద్ద పలక ఒకటి అక్కడ జ్యూరీకి కనిపించేలా ఉంది. దాన్ని తీయించాలని డారో అడిగాడు, తీయించారు. ఆ మధ్యాహ్నమే చెట్ల నీడలో వేసిన వేదిక మీద ప్రాసిక్యూషన్ వైపున్న బ్రయన్‌నే సాక్షిగా పిలిచి డారో సుమారు రెండు గంటలు ప్రశ్నించాడు. ప్రపంచమంతా చదివిన ఆ సంవాదాన్ని చూడని పన్నెండుమంది ఉన్నారు. వాళ్లే జ్యూరీ. శాస్త్రవేత్తల సాక్ష్యం చెల్లుతుందా లేదా అన్న వాదనప్పుడూ, ఈ ప్రశ్నలప్పుడూ వాళ్లను బయటికి పంపేశారు. మర్నాడు బ్రయన్ సాక్ష్యాన్ని రికార్డు నుంచే కొట్టేశారు. పై కోర్టుకు వెళ్లడమే లక్ష్యం కాబట్టి డారోయే దోషిగా తేల్చమని జ్యూరీని కోరాడు. తొమ్మిది నిమిషాల్లో తీర్పు వచ్చింది, జరిమానా 100 డాలర్లు. ఆ పన్నెండుమందీ తెల్లజాతి మగవాళ్లేనన్న సంగతిని కూడా ఆ ఖాళీ కుర్చీల ముందు నిలబడి తలచుకోవాలి. కౌంటీలోని నల్లజాతి కుటుంబాల పిల్లలు వేరే బళ్లలో చదివే రోజులవి. ప్రజలు నిర్ణయించాలన్న వాదనలో ఆ ప్రజల లెక్క ఎంత కురచదో ఇరుపక్షాల్లో ఎవరూ అడగలేదు.

బ్రయన్ గురించి మనవాళ్లకు వేరే ఎరుక ఉండాలి. ఆయన 1905-06 ప్రపంచ యాత్రలో భారతదేశానికి వచ్చి, తిరిగి చూసి, 1906లో బ్రిటిష్ పాలన మీద తీవ్రమైన వ్యాసం రాశాడు. పన్నుల బరువునూ, చదువు లేకపోవడాన్నీ, ప్రజలకు మాట లేకపోవడాన్నీ ఎండగట్టిన ఆ వ్యాసాన్ని మన జాతీయవాదులు అచ్చు వేసి పంచుకున్నారు. డేటన్ సాక్షిపీఠం మీద తడబడినవాడూ ఆయనే. రెండింటికీ మూలం ఒకటే భయం. బలవంతుడు బలహీనుణ్ణి తొక్కడం ప్రకృతి ధర్మమని ఎవరైనా నేర్పితే పేదవాడి గతేమిటన్నది ఆ భయం. అది ఉత్తి భ్రమ కాదు. స్కోప్స్ వాడిన ‘సివిక్ బయాలజీ’లోనే మనుషుల జాతులకు మెట్లు కట్టి తెల్లవాళ్లను పై మెట్టున కూర్చోబెట్టిన పేజీ ఉంది. పనికిరానివాళ్లుగా ముద్ర పడ్డ కుటుంబాలకు సంతానం లేకుండా చూడాలన్న పాఠమూ ఉంది. డారో పక్షాన్ని సైన్సుగా, బ్రయన్ పక్షాన్ని చీకటిగా గీసే బొమ్మలో ఈ పేజీలకు చోటుండదు. అయితే ఇంతమాత్రాన బట్లర్ చట్టం సరైనదైపోదు. ఆ పాఠ్యపుస్తకంలోని అన్యాయాన్ని సరిదిద్దడానికి మరింత సైన్సు కావాలి. మనిషి పుట్టుక గురించిన పాఠాన్నే నిషేధిస్తే జాతి మెట్లున్న పేజీ అలాగే ఉండిపోతుంది. పైగా బ్రయన్ తన దేశంలోని నల్లజాతి బలహీనుల విషయంలో నోరు విప్పలేదు. 1924 పార్టీ మహాసభలో కూ క్లక్స్ క్లాన్‌ను పేరుపెట్టి ఖండించడానికి ఒప్పుకోలేదు. ఆయన కరుణ నిజమైనదే గాని, దానికి గట్లున్నాయి.

తీర్పు వచ్చిన అయిదో రోజు, జూలై 26 ఆదివారం, బ్రయన్ డేటన్‌లోనే నిద్రలో కన్నుమూశాడు. 1927 జనవరిలో టెన్నెసీ సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది, శిక్షను మాత్రం కొట్టేసింది. యాభై డాలర్లు దాటిన జరిమానాను జ్యూరీయే విధించాలి గాని జడ్జి విధించరాదన్నది కారణం. దాంతో కేసును అమెరికా సుప్రీంకోర్టుకు తీసుకెళ్లే దారి మూసుకుపోయింది. బట్లర్ చట్టం 1967 దాకా బతికింది. స్కోప్స్ తన కోసం శాస్త్రవేత్తలు పోగుచేసిన ఉపకారవేతనంతో షికాగో విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివి, వేరే ఊళ్లలో బతికాడు. ఆయన పాఠం చెప్పిన పాత హైస్కూలు భవనంలోనే 1930లో బ్రయన్ పేరిట క్రైస్తవ కళాశాల తొలి తరగతులు మొదలయ్యాయి. ఇప్పుడది కొండ మీద సొంత భవనాల్లో నడుస్తోంది.

ఇప్పటి డేటన్ తన గతాన్ని అమ్ముకుంటోందని విమర్శించేవాళ్లున్నారు. ఏటా జూలైలో అదే కోర్టుగదిలో విచారణను నాటకంగా ఆడతారు. మేలో స్ట్రాబెర్రీ పండుగ, 1947 నుంచి. చికమాగా సరస్సులో చేపల పోటీలు. 1976లో కోర్టు భవనాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు. పచ్చికలో 2005లో బ్రయన్ విగ్రహం వెలిసింది. పన్నెండేళ్లపాటు ఆయన ఒక్కడే నిలబడ్డాడు. డారో విగ్రహం పెట్టాలన్నప్పుడు కొందరు స్థానికులు అడ్డు చెప్పారు, 2017 జూలైలో అయినా పెట్టారు. ఈ ఆలస్యాన్ని నేను తేలికగా తీసుకోను. ఊరు ఏ పక్షాన్ని తన సొంతమనుకుందో ఆ పన్నెండేళ్లు చెబుతాయి. కానీ అమ్ముకోవడం అన్న విమర్శ నాకు బలంగా అనిపించదు. 1925లో ఊరు అమ్మాలనుకున్నది సంచలనం. వచ్చినవాళ్లు కొన్నది ఆ ఊరి మీద వెక్కిరింత. ఇప్పుడు అక్కడ చూపిస్తున్నది అసలు గది, అసలు బల్ల, అసలు రికార్డు ఆధారంగా పలికే మాటలు. ఇవి వెక్కిరింతకు జవాబులు, పైగా ఎవరైనా వెళ్లి సరిచూసుకోగల జవాబులు.

మ్యూజియం నుంచి బయటపడి రెండు విగ్రహాల మధ్య ఫోటో తీసుకుని వెనుదిరిగే సందర్శకులకు ఒక చోటు తప్పిపోతోంది. ఊరికి పడమర వాల్డెన్ రిడ్జ్‌లో లారెల్-స్నో అనే రక్షిత అటవీప్రాంతం ఉంది. దాని పేరులోని రెండూ జలపాతాలు. వాటి కోసం వచ్చే నడక దారి రిచ్‌లాండ్ వాగు పక్కగా వెళుతుంది. దారిలో చెట్ల మధ్య, నాచు పట్టిన రాళ్ల చాటున, పాత గని కంపెనీ వదిలిపోయిన కట్టడాల శిథిలాలు ఎదురవుతాయి. జలపాతం చప్పుడు ముందు నుంచే వినిపిస్తుంటుంది కాబట్టి చాలామంది అక్కడ ఆగరు.